గుర్రపుడెక్క తీయించే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఊరి చెరువులో గుర్రపుడెక్క, తూడు తీయించే పని ఈసారి నువ్వు నెత్తికెత్తుకున్నావని చెల్లి ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషంరా. డెక్క నీళ్లంతా కప్పేస్తే అడుగున చేప కూడా బతకదు, తీయాల్సిందే. కానీ పొక్లెయిన్ దింపే ముందు రెండు మూడు పొద్దులు గట్టు మీద కదలకుండా కూర్చుని, మునుగుడు కోళ్లు ఉన్నాయేమో చూడు.

వాటిని బాతు పిల్లలనుకుంటారు చాలామంది. బాతులతో వాటికి చుట్టరికమే లేదు. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోలే దగ్గరి బంధువులని జన్యు పరిశోధనల్లో తేలింది, నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే! జానెడు కంటే కాస్త పెద్ద పిట్ట. ముక్కు సన్నగా మొనదేలి ఉంటుంది, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. గుడ్లు పెట్టే రోజుల్లో చెంపలు, మెడ ఇటుక రంగుకి తిరుగుతాయి, నోటి మూల లేత పసుపు మచ్చ కనిపిస్తుంది.

కాళ్లు ఒంటికి బాగా వెనక్కి ఉంటాయి, వేళ్లకి విడివిడిగా రేకులుంటాయి. అందుకే నీళ్లలో అంత చురుగ్గా మునుగుతుంది, నేల మీద మాత్రం సరిగ్గా నడవలేదు. గట్టెక్కి గూడు పెట్టే వీల్లేక, కుళ్లిన తూడు పోగేసి జమ్ము కాడలకో తామర కాడలకో తగిలించి నీళ్ల మీదే తేలే గూడు కడుతుంది. కాలువ నీళ్లు వదిలి మట్టం పెరిగినా గూడు కూడా పైకి లేస్తుంది. ఆ కాడలు తెగితే మాత్రం కొట్టుకుపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే. మనిషి అలికిడి వినగానే పొదిగే పిట్ట గుడ్ల మీద తూడు కప్పి మునిగిపోతుంది, ఎక్కడో దూరంగా తేలుతుంది. తెల్లటి గుడ్లు కూడా ఆ కుళ్లు అంటి గోధుమరంగుకి మారతాయి. చూసేవాళ్లకి అది ఉత్త చెత్త కుప్ప, కూలీలు ఒక్క ఊపులో లాగేస్తారు. కాబట్టి పిట్ట మళ్లీ మళ్లీ ఒకే కుప్ప దగ్గరికి వస్తుంటే అక్కడ వెదురు కర్ర పాతించు. చుట్టూ నాలుగైదు బారల డెక్క వదిలేసి అవతలి ఒడ్డు నుంచి పని మొదలుపెట్టించు. పైనున్న తూడు తీసి చూడొద్దు, కాకులకి గుడ్లు చూపించినట్టవుతుంది. పొదగడానికి మూడు వారాల పైన పడుతుంది. పిల్లలు పుట్టగానే తల్లిదండ్రుల వీపెక్కి తిరుగుతాయి. అవి కాస్త ఎదిగాక మిగిలిన డెక్క తీయించుకో.

చేపలన్నీ తినేస్తాయని ఎవరైనా గొడవ చేస్తే, అవి ఎక్కువగా నీటి పురుగుల్ని, చిన్న చేపల్ని, రొయ్య పిల్లల్ని తింటాయని చెప్పు. కలుపు మందు కొట్టడానికి ఒప్పుకోకు. పని జరిగినన్నాళ్లూ నైలాన్ వలలు నీళ్లలో వదిలెయ్యొద్దను, మునిగిన పిట్ట వాటిలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. పొక్లెయిన్ డ్రైవర్‌ని ముందురోజే పిలిచి కర్రలు పాతిన చోట్లు దగ్గరుండి చూపించు.

మీ మావయ్య