డీబీఎస్ బ్యాటరీ దగ్గర చీము: మాత్రలతో నెట్టుకురావచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా: గాజువాకలో ఉంటున్న మీ నాన్నగారికి పార్కిన్సన్స్‌కి హైదరాబాద్‌లో డీబీఎస్ (మెదడులోకి సన్నని వైరు దించి, ఛాతీలోని బ్యాటరీతో కరెంటు పంపే పరికరం) పెట్టి రెండు నెలలైంది. కాలర్ ఎముక కింద బ్యాటరీ మీద చర్మం ఎర్రబడి, కుట్ల చివర నుంచి రసి కారుతోంది. రెండు కోర్సుల యాంటీబయాటిక్ వాడితే తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చింది. బ్యాటరీ తీసేయాలంటున్నారు, వేరే దారి లేదా అని.

ఈ దశలో లేదండి. ఇంకో కోర్సు, ఇంకో కోర్సు అంటూ పోతే అసలుకే ఎసరు వస్తుంది. బ్యాటరీ లోహం మీద, వైరు తొడుగు మీద స్టెఫైలోకోకస్ లాంటి సూక్ష్మజీవులు బయోఫిల్మ్ అనే జిగురుపొర కట్టుకుని కూర్చుంటాయి. మందు చుట్టుపక్కల కండలో ఉన్నవాటిని చంపుతుంది, ఎరుపు తగ్గుతుంది. పొర లోపలివి అలాగే ఉంటాయి, కోర్సు అయిపోగానే మళ్ళీ లేస్తాయి. ఆ బ్యాటరీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు మెడ మీదుగా చెవి వెనక కనెక్టర్ దాకా, అక్కడి నుంచి లీడ్ అనే సన్నని వైరు మెదడులోకి వెళ్తాయి. ఇన్ఫెక్షన్ ఆ వైరు పట్టుకునే పైకి పాకుతుంది. ఛాతీ దగ్గరే ఆపగలిగితే లీడ్ మిగులుతుంది. లీడ్ కూడా పోతే మళ్ళీ తలకి ఫ్రేమ్, మళ్ళీ పుర్రెకి రంధ్రం.

మాత్రలతో సరిపోయే సందర్భం ఒక్కటే: తొలి రోజుల్లో ఒక కుట్టు దగ్గర మాత్రమే ఎర్రబడి, లోపల బ్యాటరీ కూర్చున్న సంచికి (పాకెట్‌కి) సంబంధం లేనప్పుడు. నొప్పి, వేడి, ఎరుపు లేకుండా బ్యాటరీ చుట్టూ మెత్తగా నీరు చేరితే అది సీరోమా కావచ్చు. దాన్ని ఊళ్ళో సూదితో లాగించొద్దు. శుభ్రంగా ఉన్న పాకెట్‌లోకి సూక్ష్మజీవుల్ని మనమే పంపినట్టవుతుంది, సూది వైరుకీ తగలొచ్చు. చర్మం చిల్లుపడి లోహమో వైరో కనిపిస్తుంటే మాత్రం చీము లేకపోయినా ఇన్ఫెక్షన్ కిందే లెక్క.

ఆపరేషన్‌లో సర్జన్‌ని అడగాల్సింది వరుస గురించి. ఛాతీ దగ్గర మాత్రమే చీము ఉంటే, ముందు చెవి వెనక శుభ్రంగా ఉన్న చోట తెరిచి, కనెక్టర్ దగ్గర లీడ్‌ని విడదీసి, ఆ గాయం మూసేస్తారు. తర్వాతే ఛాతీ తెరిచి బ్యాటరీని, ఎక్స్‌టెన్షన్ వైరుని కిందివైపుకే లాగి తీస్తారు. చీముపట్టిన కొన శుభ్రమైన దారిలోంచి పైకి పోకూడదు. చెవి వెనక తెరిచినప్పుడు అక్కడా చీము కనిపిస్తే లీడ్ కూడా తీయక తప్పదు.

కల్చర్ (ఏ సూక్ష్మజీవో పెంచి చూసే పరీక్ష) విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పైన కారే రసిని దూదిపుల్లతో తీస్తే చర్మం మీది సూక్ష్మజీవులే పెరుగుతాయి. లోపలి కండ ముక్క, తీసిన వైరు పంపాలి. కొన్ని సూక్ష్మజీవులు, ముఖ్యంగా క్యూటీబ్యాక్టీరియం, చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మామూలుగా 5 రోజులకే 'నో గ్రోత్' అని రిపోర్టు ఇచ్చేస్తుంటారు, 14 రోజులు ఉంచమని ముందే రాయించండి. మందు నడుస్తుండగా తీసిన కల్చర్ ఖాళీగా రావచ్చు. శాంపిల్‌కి ముందు మందు ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు.

తర్వాత సెన్సిటివిటీని (ఆ సూక్ష్మజీవి ఏ మందుకి లొంగుతుందన్నదాన్ని) బట్టి సిర ద్వారా మందు. ఎంఆర్ఎస్ఏ (మామూలు మందులకి లొంగని స్టెఫైలోకోకస్) అయితే వాంకోమైసిన్, దానికి క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చూస్తూ ఉండాలి. మొత్తం 2 నుంచి 6 వారాలు పట్టొచ్చు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఎంఆర్ఎస్ఏకి ఇళ్ళకి రాసిచ్చే మాత్రల్లో ఒకటి లినెజోలిడ్. మీ నాన్నగారు పార్కిన్సన్స్‌కి రాసాజిలిన్ గానీ సెలెజిలిన్ గానీ వేసుకుంటుంటే వాటితో లినెజోలిడ్ కలవకూడదు, బీపీ విపరీతంగా పెరగొచ్చు, సెరటోనిన్ సిండ్రోమ్ (వణుకు, జ్వరం, గందరగోళంతో ప్రాణం మీదికొచ్చే మందుల వికటింపు) రావచ్చు. సిప్రోఫ్లోక్సాసిన్ కూడా రక్తంలో రాసాజిలిన్ స్థాయిని పెంచుతుంది. వాంతులకి మెటోక్లోప్రమైడ్, రాత్రి గందరగోళానికి హాలోపెరిడాల్ వద్దు, రెండూ పార్కిన్సన్స్‌ని ముదరబెడతాయి. కేస్ షీట్ మొదటి పేజీ మీదే ఇవన్నీ రాయమనండి.

బ్యాటరీ తీస్తే వణుకు తిరిగొస్తుందా అన్నారు. వస్తుంది. డీబీఎస్ తర్వాత లెవోడోపా (పార్కిన్సన్స్‌కి ముఖ్యమైన మాత్ర) తగ్గించి ఉంటారు, ఇప్పుడు పెంచాలి. అందుకే డీబీఎస్ పెట్టక ముందు నాటి పాత మందుల చీటీ వెతికి తీసుకెళ్ళండి, ప్రోగ్రామర్‌లోని (డీబీఎస్‌ని సర్దే పరికరంలోని) సెట్టింగులు ఫోటో తీసి పెట్టుకోండి. ఆపరేషన్ రోజు ఏమీ తినొద్దన్నా లెవోడోపా గుక్కెడు నీళ్ళతో ఇవ్వచ్చా అని మత్తు డాక్టర్‌ని అడగండి. మింగలేకపోతే ముక్కులో ట్యూబు ద్వారా ఇస్తారు. తీసిన తర్వాత ఒళ్ళు కట్టెలా బిగుసుకుని, జ్వరం, చెమటలు, మాట తడబాటు వస్తే అందరూ ఇన్ఫెక్షన్ ముదిరిందనుకుంటారు. అది స్టిమ్యులేషన్ ఆగినందుకు వచ్చే అత్యవసర స్థితి కావచ్చు, యాంటీబయాటిక్ మారిస్తే తగ్గదు. సీపీకే (కండరాలు దెబ్బతింటున్నాయేమో చూసే రక్తపరీక్ష) చేయించి వెంటనే న్యూరాలజిస్ట్‌ని పిలిపించండి.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ దొరికాక హైదరాబాద్ వెళ్దామని ఆగొద్దు. తలనొప్పి, ఫిట్స్, మగత, పుర్రె మీది కుట్ల దగ్గర వాపు, వీటిలో ఏదొచ్చినా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో, 24 గంటలూ న్యూరోసర్జన్ ఉండే ఆసుపత్రికో అప్పటికప్పుడే వెళ్ళాలి. డివైజ్ కార్డు చేతిలో ఉండాలి. ఎమ్మారై అంటే ముందు మోడల్ షరతులు చూడాలి, బ్యాటరీ తీసి లీడ్ వదిలేస్తే ఆ షరతులు కూడా మారతాయి.

కొత్త బ్యాటరీ సాధారణంగా 6 వారాల నుంచి 3 నెలల తర్వాత, సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్‌ని చూపే రక్తపరీక్ష) మామూలుకొచ్చి గాయం పూర్తిగా ఆరాక, వీలైతే రెండోవైపు పెడతారు. తీసినదాన్ని కడిగి మళ్ళీ పెట్టమని ఖర్చు భయంతో అడుగుతుంటారు, ఒకసారి వాడటానికే చేసిన వస్తువది. ఈలోగా షుగర్ అదుపులో ఉంచండి. మన ఊరి ఉక్కకి ప్లాస్టరు చెమటతో నానిపోతుంది, తడిస్తే వెంటనే మార్చండి. ఫిజియోథెరపీలో షార్ట్‌వేవ్ డయాథర్మీ (రేడియో తరంగాలతో లోపల వేడి పుట్టించే చికిత్స) అసలు వద్దు, బ్యాటరీ లేకపోయినా లోపలి లీడ్ వేడెక్కి మెదడు దెబ్బతినొచ్చు. జబ్బు తగ్గితే సింహాచలంలో తలనీలాలు ఇస్తామని మొక్కుకుని ఉంటే, మూడు కత్తెర్లు ఇచ్చి సరిపెట్టుకోండి. లీడ్ దిగిన చోట, చెవి వెనక చర్మం పల్చగా ఉబ్బి ఉంటుంది, మంగలి కత్తి అక్కడ తేలిగ్గా తెగ్గొడుతుంది.