ల్యాబ్‌లో చేతులు వణుకుతున్నాయి మేడమ్

ప్రశ్న: నేను 2019-21లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. రెండో సెమిస్టర్ మధ్యలో, 2020 మార్చిలో, హాస్టల్ ఖాళీ చేయించారు. వారం రోజుల్లో తిరిగి వెళ్తామనుకుని పుస్తకాలన్నీ గదిలోనే వదిలేసి వచ్చాం. ఆ తర్వాత పాఠాలన్నీ ఫోనులోనే. మా ఊళ్లో డాబా ఎక్కితే తప్ప సిగ్నల్ అందేది కాదు. ప్రాక్టికల్స్ అంటే వీడియో చూసి రికార్డు రాయడమే. 2021 మేలో మా నానమ్మ కరోనాతో చనిపోయింది. ఆ వారంలోనే ఇంటర్నల్స్. తెల్లవారుజాము దాకా నిద్ర పట్టేది కాదు. ఎవరికీ చెప్పలేదు. అందరిదీ అదే పరిస్థితి కదా అనుకున్నాను. ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పనిచేస్తున్నాను. క్లాసులో పాఠం బాగానే చెబుతాను. ల్యాబ్‌లో పిల్లల ముందు బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్క చుక్కగా వదిలే కొలత గొట్టం) పట్టుకుంటే మాత్రం చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మొన్న స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ ‘కరోనా బ్యాచ్ కదా’ అని నవ్వారు. నాకు నిజంగానే ఏమీ రాదంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: నవ్విన ఆ సీనియర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. వణుకుకూ దడకూ ఒక్కోసారి అదే కారణం. సైకాలజీ వాళ్లు ప్రతిదాన్నీ మనసు ఖాతాలో వేసేస్తారని ఒక అపవాదు ఉంది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. రోజుకు ఎన్ని కాఫీలు తాగుతున్నారో కూడా చూసుకోండి.

అయితే పాఠం చెప్పేటప్పుడు రాని వణుకు బ్యూరెట్ పట్టుకుంటేనే వస్తోందన్నారు. థైరాయిడ్‌కు క్లాసు, ల్యాబ్ అన్న తేడా తెలియదు. కాబట్టి మనసు సంగతీ చూడాల్సిందే. రెండు వేరు వేరు చిక్కులు మీ దగ్గర కలిసి ఒకే ముడి పడ్డాయి, విడదీసి చూద్దాం.

మొదటిది, పని. మా తమ్ముడు కెమిస్ట్రీ లెక్చరర్ కనుక విని విని నాకూ కొంత తెలుసు. టైట్రేషన్ అంటే, ఒక చేత్తో బ్యూరెట్ కొళాయి తిప్పుతూ, రెండో చేత్తో ఫ్లాస్కు ఆడిస్తూ, ఫినాఫ్తలీన్ వేసిన ద్రావణం లేత గులాబీ రంగుకు తిరిగి, ఆ రంగు నిలిచిన చోట టక్కున ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువ పడితే ముదురు గులాబీ, మళ్లీ మొదటికి. ఇది వేళ్లకు రావలసిన పని. వీడియో ఎన్నిసార్లు చూసినా వేళ్లకు ఎలా వస్తుంది? మీకు ఎవరూ నేర్పలేదు, అంతే. నేర్పినా రాకపోతే అప్పుడు అడగండి, నాకేమీ రాదా అని.

రేపటి నుంచి క్లాసుకు అరగంట ముందే ల్యాబ్‌కు వెళ్లి బ్యూరెట్‌లో ఉత్త నీళ్లు పోయండి. చుక్క చుక్కగా వదులుతూ రీడింగ్ తీయండి. చెయ్యి కుదుటపడ్డాక అసలు ద్రావణాలతో. తర్వాత ల్యాబ్ అసిస్టెంట్ ఎదురుగా, ఆపైన ఇద్దరు ముగ్గురు పిల్లల ముందు. దడ మొదలైనప్పుడు పని వదిలేసి బయటికి రావద్దు, అది తగ్గేదాకా అక్కడే ఉండండి. తప్పించుకున్నకొద్దీ భయం బలుస్తుంది. ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగడానికి మొహమాటపడకండి. చాలా కాలేజీల్లో బాగా చెయ్యి తిరిగిన మనిషి ఆయనే.

రెండోది, 2021. ‘అందరిదీ అదే పరిస్థితి కదా’ అన్న మాట ఆ రోజుల్లో నేను విన్నంతగా ఇంకో మాట వినలేదు. సాయం కోసం విద్యార్థులు చేసే ఫోన్లకు జవాబు చెప్పే పనిలో ఉండేదాన్ని. ‘పరీక్షలెప్పుడు మేడమ్’ అంటూ మొదలుపెట్టేవారు. నాకేం తెలుసు? ‘సరే, ఉంటాను మేడమ్’ అనేవారు గానీ ఫోను పెట్టేవారు కాదు. అసలు సంగతి అప్పుడు బయటికి వచ్చేది, అదీ గొంతు బాగా తగ్గించి. రెండు గదుల ఇంట్లో ఎవరి చెవినైనా పడుతుందని భయం. ఒక అబ్బాయి గొడ్ల పాకలోంచి మాట్లాడేవాడు, గేదె అరిస్తే ఆగి మళ్లీ అందుకునేవాడు.

వాళ్లను నలిపేసింది జబ్బు భయం ఒక్కటే కాదు, ఏదీ తేలకపోవడం. లండన్ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ప్రచురించారు. చేతికి కరెంటు షాక్ తప్పదని తెలిసినవాళ్ల కన్నా, తగలవచ్చు తగలకపోవచ్చు అన్న సగం సగం అవకాశంలో ఉన్నవాళ్లే ఎక్కువ ఒత్తిడికి లోనయ్యారు. మీ సీనియర్లనే చూడండి. చివరి ఏడాది పరీక్షలు సెప్టెంబరు నెలాఖరులోగా పెట్టి తీరాలని 2020 జులై 6న యూజీసీ చెప్పింది. అయినా ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా విషయం నలుగుతూనే ఉంది. అన్నాళ్లూ పిల్లలు పుస్తకం తెరవనూ లేరు, మూసెయ్యనూ లేరు. మీ బ్యాచ్ అయితే మూడు సెమిస్టర్లు అలాగే గడిపింది. నిద్ర పట్టిందని రాసి ఉంటేనే ఆశ్చర్యపోయేదాన్ని.

నానమ్మ గురించి ఒక్క వాక్యం రాసి, వెంటనే ఇంటర్నల్స్‌కు వెళ్లిపోయారు. అప్పుడూ అలాగే చేసి ఉంటారు. ఆ మే నెలలో చాలా ఇళ్లలో పదో రోజుకు కూడా చుట్టాలు రాలేకపోయారు. ఒక ఆదివారం మీ నాన్నగారి దగ్గర కూర్చుని ఆవిడ ముచ్చట్లు ఎత్తండి. పోయింది ఆయన తల్లి, ఆయన మాత్రం ఎవరితో చెప్పుకున్నారు?

ఇంత చేసినా దడ తగ్గకపోతే, నిద్ర మళ్లీ చెడిపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకుండా 14416కు ఫోను చేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం అది, టెలి మానస్ అంటారు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నేరుగా డాక్టరును కలవాలంటే మీకు విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది.

ఇక ఆ సీనియర్. మళ్లీ నవ్వితే ‘అవునండీ, ఒకసారి టైట్రేషన్ చేసి చూపిస్తారా, నేర్చుకుంటాను’ అనండి. చూపిస్తే మంచిదే, చూపించలేకపోతే మరీ మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చివరి ఏడాది. ఇంటర్ 2020-22లో, కరోనా రోజుల్లో చదివాడు. అప్పటి నుంచి గది తలుపు వేసుకుని ఉండటం అలవాటైంది. ఇప్పుడు డిప్రెషన్ అంటున్నాడు, ఒక్కడే ఉండే గది వదిలి ముగ్గురుండే గదిలోకి మారతానంటున్నాడు. చదువు పాడవుతుందని వద్దన్నాను. మా రోజుల్లో ఈ డిప్రెషన్లు ఎక్కడివి?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ రోజుల్లోనూ ఉన్నాయండీ. తాయెత్తు కట్టించేవారు, బలానికి సూది వేయించేవారు, పెళ్లి చేస్తే కుదురుకుంటాడనేవారు. మీవాడి బ్యాచ్ తెలంగాణలో మొదటి ఏడాది పరీక్షలు 2021 అక్టోబరులో, రెండో ఏడాదిలోకి వచ్చాక రాసింది. డిసెంబరులో ఫలితాలు వస్తే సగం మందికి పైగా తప్పారు. గొడవయ్యాక ప్రభుత్వం కనీస మార్కులు వేసి అందరినీ గట్టెక్కించింది. పదహారు, పదిహేడేళ్ల వయసులో అదంతా చూసినవాడు ఇన్నాళ్లకు నలుగురిలో ఉంటానని తనే అడుగుతున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్తానంటే తోడు వెళ్లండి. గది మాత్రం ఈ నెలలోనే మారనివ్వండి.