బంగారు పూత స్పూన్లు, ఫోర్కులు కొనే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులతో రాయునది.

బంగారు పూత ఉన్న స్పూన్లు, ఫోర్కులు, కత్తుల సెట్టు కొనాలనుకుంటున్నానని, ఏమేం చూసుకోవాలో చెప్పమని అడిగావు. నన్నడిగితే బంగారం సంగతి తర్వాత, ముందు దాని అడుగున ఏ లోహం ఉందో తెలుసుకో. పూత అనేది వాడకంతో ఎప్పటికైనా అరిగేదే కనుక, అరిగిన తర్వాత నోటికి తగిలేది ఆ లోహమే.

అడుగున స్టెయిన్‌లెస్ స్టీలు ఉంటే పెట్టె మీదనో, కాడ వెనకనో 18/10 అనో 18/0 అనో ఉంటుంది. మొదటి అంకె క్రోమియం శాతం, రెండవది నికెల్ శాతం. నికెల్ కలిసిన 18/10 తుప్పుకు బాగా తట్టుకుంటుంది. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టి చూస్తే 18/0 గట్టిగా అంటుకుంటుంది, 18/10 దాదాపుగా అంటుకోదు. కత్తులకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే పదును నిలవడానికి వాటి అలుగును వేరే రకం గట్టి స్టీలుతో చేస్తారు. ఇంట్లో ఎవరికైనా నికెల్ పడకపోతే, బంగారానికి అడుగుపూతగా కూడా నికెల్ వేసే అలవాటుంది కనుక, ఆ సంగతి అమ్మేవారిని విడిగా అడుగు. ఇత్తడి మీద వేసిన పూతను నేను భోజనానికి సిఫారసు చేయను. పూత లేచిన చోట పులుపు తగిలితే కిలుము పడుతుంది.

వెండి మీద బంగారు పూత వేసినదాన్ని వెర్మెయిల్ అంటారు. అమెరికాలో ఆ పేరుతో అమ్మాలంటే 925 వెండి, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉన్న లోహం మీద, పూత కనీసం 2.5 మైక్రాన్లు ఉండాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పూర్వం వెండి సామానులో గుడ్డు తినే చెంచాకు, ఉప్పు వడ్డించే చెంచాకు గుంట భాగంలో బంగారు పూత వేయించేవారు. గుడ్డులోని గంధకానికి వెండి నల్లబడుతుంది, ఉప్పు వెండిని తినేస్తుంది, బంగారానికి ఆ రెండూ అంటవు. అంటే అక్కడ పూత కేవలం సోకు కోసం కాదు.

పెట్టె మీద 24 క్యారెట్లు అని కనబడగానే సంబరపడకు. అది బంగారం స్వచ్ఛతను చెబుతుందే తప్ప పూత మందాన్ని చెప్పదు. పైగా స్వచ్ఛమైన బంగారం మెత్తన, త్వరగా గీతలు పడుతుంది. మందం ఎన్ని మైక్రాన్లో అడుగు. సూటిగా జవాబు రాకపోతే పూత పలచనిదనే లెక్క వేసుకో. «బంగారు రంగు» అని మాత్రమే రాసి ఉంటే అందులో బంగారమే ఉండకపోవచ్చు. చాలా సెట్లకు పీవీడీ అనే పద్ధతిలో, గాలి తీసేసిన గదిలో, టైటానియం నైట్రైడ్ పూత వేస్తారు. అది పసుపు రంగులో మెరుస్తుంది, బంగారం కంటే ఎన్నో రెట్లు గట్టిది. దాన్ని మోసమనుకోనక్కర్లేదు; రోజూ వాడుకోవడానికైతే నా ఓటు దానికే. అసలు బంగారం ఎప్పుడో ఒకసారి అతిథుల కోసం తీసే సెట్టుకే తగును.

చేతిలోకి తీసుకున్నాక ఫోర్కు ముళ్ల సందులు వెలుతురులో చూడు. విద్యుత్తుతో పూత వేసేటప్పుడు అంచులకు ఎక్కువగా, సందులకు తక్కువగా పడుతుంది కనుక, నాసిరకం పని అక్కడే వెలవెలబోతూ దొరికిపోతుంది. స్పూను బోర్లించి, బల్లకు ఆనే ఉబ్బును కూడా చూడు. ముందుగా అరిగేది అదే. అద్దంలా మెరిసే రకం కంటే మెరుపు తగ్గించిన రకంలో గీతలు తక్కువగా కనబడతాయి.

ఒకేసారి పన్నెండు మందికి సరిపడా కొనవద్దు. ఒక్కరికి సరిపడా తెచ్చుకుని కొన్ని వారాలు వాడి, నచ్చితే మిగిలినవన్నీ కలిపి ఒకే విడతలో తీసుకో, ఎందుకంటే విడతకూ విడతకూ పసుపు ఛాయ మారుతుంది. టీ స్పూన్లు నాలుగైదు ఎక్కువే తీసుకో, ఏ ఇంట్లోనైనా కనబడకుండా పోయేవి అవే.

డిష్‌వాషర్‌లో వేయవచ్చని తయారీదారు రాసి ఇస్తే తప్ప చేత్తోనే కడుగు. పీచు, బూడిద, వెండి తోమే పొడి దగ్గరికి రానివ్వకు. రాత్రంతా నానబెట్టకుండా, తిన్న వెంటనే సబ్బునీటితో కడిగి, మెత్తని గుడ్డతో తడి తుడిచి, కత్తులను విడిగా గుడ్డలో చుట్టి దాచుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ