బ్యాంకు ఉత్తరం వస్తే ఆ రోజే విప్పు

అమ్మడూ,

నువ్వు కొబ్బరి పీచు ఫ్యాక్టరీ పెడుతున్నావని, బ్యాంకు లోనుకి కాయితాలు కూడా ఇచ్చేశావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల తన పేరున మిషను పెట్టడం ఇదే మొదలు. మీ పెద్దమ్మ ఎదురొచ్చిన వాళ్లందరికీ అదే చెబుతోంది. నాకూ చెప్పుకోవాలనే ఉంది. కానీ ఉద్యోగమంతా సొసైటీలో అప్పు పుస్తకాల మధ్య గడిపినవాణ్ణి కదా, లోను అనగానే నాకు విప్పని కవర్లు గుర్తుకొస్తాయి. ఫోనులో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

డొక్కలు ఏడాది పొడుగునా ఎవరిస్తారో ముందే మాట్లాడుకో. వానాకాలం పీచు ఎండదు, వాయిదా మాత్రం ఆగదు. మూడు వాయిదాల సొమ్ము విడిగా ఉంచు. చైనా కొనుగోళ్లు తగ్గితే పీచు ధర పడిపోతుంది, అదీ లెక్కలో వేసుకో. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకి కేంద్రం పీఎంఈజీపీ పథకం కింద ఇచ్చే సబ్సిడీ చేతికొచ్చే డబ్బు కాదు. మూడేళ్లు నీ పేరున డిపాజిట్‌లో ఉండి, యూనిట్ నడుస్తోందని చూసుకున్నాకే లోనులో జమవుతుంది. దాన్ని చూపించి ఎవరి దగ్గరా చేబదులు తీసుకోకు.

ఇంకో సంగతి. మన వైపు అప్పంటే పంట అప్పే. ఏడాదికోసారి తిరగేసి కట్టడం అలవాటు. పైగా ఎప్పుడో ఒకప్పుడు మాఫీ అవుతుందన్న ఆశ. 2014లో మాఫీ మాట నమ్ముకుని కట్టడం మానేసినవాళ్లని నా బల్ల ముందే చూశాను. కుటుంబానికి లక్షన్నర దాకానే అన్నారు, అదీ విడతల మీద. ఈలోగా వడ్డీ పెరిగింది, నాలుగు శాతానికి దొరికే పంట అప్పు మీద రాయితీ పోయింది. నీది పంట అప్పు కాదు, నెలనెలా కట్టేది. 90 రోజులు దాటి బాకీ పడితే బ్యాంకు దాన్ని మొండి బకాయి కింద రాసేస్తుంది.

ఊళ్లో "బ్లాక్‌లిస్టులో పెట్టేశారు" అంటుంటారు. ఎగవేతదారుల జాబితా ఉన్నమాట నిజమే గానీ, అది కట్టగలిగీ కావాలని ఎగ్గొట్టిన 25 లక్షలు, ఆ పైన బాకీలకి. మనలాంటి వాళ్లని పట్టుకునేది సిబిల్ రికార్డు. 300 నుంచి 900 దాకా మార్కులు. నీ పాన్ నంబరు మీద తీసుకున్న ప్రతి అప్పూ, ఆలస్యమైన ప్రతి వాయిదా, ఎవరికో పెట్టిన హామీ సంతకం కూడా అందులోకి చేరతాయి. అమలాపురంలో ఎగ్గొట్టి కాకినాడలో వేరే బ్యాంకు ఎక్కుదామంటే అక్కడా అదే పాన్, అదే చరిత్ర.

మీ బాబాయి సంగతి నీకు సగమే తెలుసు. కాలవ గట్టు తోట ఎందుకు అమ్మాడో పిల్లలకెవరూ చెప్పలేదు. వాణ్ణి అడిగే రాస్తున్నాను. "దానికి చెప్పాల్సిందే అన్నయ్యా" అన్నాడు.

వాడి స్నేహితుడొకడు రొయ్యల చెరువుకి అప్పు తీసుకుంటూ హామీ సంతకం అడిగాడు. ఊరికే ఫార్మాలిటీ అన్నాడు. మీ బాబాయి బ్యాంకు బల్ల మీద ఒంగి, పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయాడు. ఒక్క పేజీ చదవలేదు. వరసగా రెండు పంటల రొయ్యలకి తెల్లమచ్చ రోగం తగిలింది. ఆ మనిషి రాత్రికి రాత్రి సంసారం ఎత్తుకుని ఊరొదిలేశాడు. బ్యాంకు ఉత్తరాలు మీ బాబాయికి రావడం మొదలయ్యాయి. పోస్టుమ్యాన్ దగ్గర సంతకం పెట్టి తీసుకునేవాడు, బీరువా మీదున్న చెప్పుల అట్టపెట్టెలో పడేసేవాడు. మీ పిన్నికీ చెప్పలేదు, పక్కింట్లో ఉన్న నాకూ చెప్పలేదు. ముందు వాణ్ణే కదా పట్టుకుంటారు, ఆ తర్వాతే కదా నేను, అని వాడి ధైర్యం.

ఆ ధైర్యానికి ఆధారం లేదమ్మా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీ ఉన్నవాడిదీ అంతే. ముందు అతన్ని, తర్వాత ఇతన్ని అడగాలన్న వరస బ్యాంకుకి లేదు.

గేటుకి నోటీసు అంటించి వెళ్లాక నేను ఆ పెట్టె దింపి, తారీకుల వరసన ఒక్కొక్కటే చింపాను. మొదటి ఉత్తరంలో మూడు వాయిదాలు బాకీ అని ఉంది. ఆ ఏడాది రెండు దింపుల కొబ్బరికాయ అమ్మితే తీరిపోయే సొమ్ము. అడుగున మేనేజరు తన పెన్నుతో "దయచేసి ఒకసారి రండి" అని రాశాడు. అది చదివి నేను కాసేపు లేవలేకపోయాను. ఆఖరి ఉత్తరం నాటికి వడ్డీ, అపరాధ వడ్డీ, లాయరు ఖర్చు కలిసి అసలుని దాటిపోయాయి.

తోట అమ్మి ఒక మొత్తానికి రాజీ చేసుకున్నాం. బాకీ లేదని కాయితం ఇచ్చారు, గండం గడిచిందనుకున్నాం. కొన్నేళ్లకి బాబాయి కొడుకు, అదే మీ తమ్ముడు, ఇంటి లోనుకి తండ్రిని జత చేసుకుని వెళితే, బ్యాంకువాళ్లు రిపోర్టు తిప్పి చూపించారు. తగ్గించి కట్టిన అప్పు పూర్తిగా తీరినట్టు రాయరు, రాజీ పడ్డట్టే రాస్తారు. ఆ చరిత్ర ఏడేళ్లకి తక్కువ కాకుండా ఉంచుతారు. కొడుకు ముందు మీ బాబాయి తలొంచుకున్న రోజు అది. వాడు చెడ్డవాడు కాదు, అడిగితే లేదనలేడు, కష్టమొస్తే చెప్పుకోలేడు.

నీకూ ఆ గుణం ఉంది. తొమ్మిదో తరగతిలో లెక్కల మార్కులు తక్కువొస్తే ప్రోగ్రెస్ కార్డు పరుపు కింద దాచి జ్వరమని పడుకున్నావు. అప్పుడు మేమంతా నవ్వాం. ఈసారి దాచావంటే మాత్రం ఊరుకోను. వాయిదా కట్టలేని నెల వస్తుంది, ఏ వ్యాపారంలోనైనా వస్తుంది. 90 రోజులు కాకముందే మేనేజరు దగ్గరికెళ్లి గడువు పెంచమని రాసివ్వు, ఒక నకలు మీద ముట్టినట్టు ముద్ర వేయించుకో. మొండి బకాయి అయ్యాక సర్ఫేసీ చట్టం కింద తనఖా ఆస్తి మీదికి 60 రోజుల నోటీసు వస్తుంది. వ్యవసాయ భూమికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది గానీ, షెడ్డు కోసం మార్పించిన స్థలానికి అది వర్తించదు. వసూలు ఏజెంట్లు పొద్దున్న ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయకూడదు. భయపడి దాక్కోవద్దు. అప్పు కట్టలేకపోయినంత మాత్రాన జైలుండదు, చెక్కు బౌన్సయితే మాత్రం కేసే. మిషను వాళ్లకి గానీ, డొక్కల వాళ్లకి గానీ ఖాళీ చెక్కు ఇవ్వకు.

ఆధార్ జిరాక్సు ఇస్తే దేనికిస్తున్నావో దాని మీదే రాసివ్వు. ఓటీపీ ఎవరికీ చెప్పకు. సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు, నువ్వు తీసుకోని అప్పు నీ పేరున ఉందేమో చూసుకో. డ్వాక్రా గ్రూపులో ఎవరో బతిమాలారని వాళ్ల అప్పు నీ పేరున తీసుకోకు.

శాంక్షన్ లెటరు రాగానే సంతకం పెట్టకుండా ఇక్కడికి తీసుకురా. వడ్డీ మారుతుందా, ఆలస్యానికి ఎంత, మొదటి వాయిదా ఏ నెల నుంచి, ఇద్దరం పేజీ పేజీ చూద్దాం. మీ నాన్నని కూడా వెంటబెట్టుకురా. హామీ సంతకం తనే పెడతానని బ్యాంకులో చెప్పొచ్చాడట, దేని మీద పెడుతున్నాడో వాడూ చదవాలి.

మీ పెదనాన్న