వండలూరు జూ వయసు ఎంత?

చెన్నై శివార్లలోని వండలూరు జూ ద్వారాలు తెరిచింది 1985లోనే అయినా, ఆ జంతు ప్రదర్శనశాల చరిత్ర మాత్రం 1855లోనే మొదలైంది. ఎగ్మూరు మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్, ఆ ఆవరణలోనే బతికున్న జంతువులను కూడా ఉంచి జనానికి చూపడంతో దానికి పునాది పడింది. తర్వాత కొన్నేళ్లకే అది సెంట్రల్ స్టేషను పక్కనున్న పీపుల్స్ పార్కుకు మారి, శతాబ్దానికి పైగా అక్కడే కొనసాగింది. చుట్టూ నగరం పెరిగి పెద్ద జంతువులు ఇరుకు బోనుల్లో మగ్గాల్సి రావడంతో, చివరికి వండలూరు అడవి భూమికి తరలించారు. అక్కడ పులికీ చూపరికీ మధ్య ఉన్నది ఊచలు కాదు, లోతైన కందకం.

మద్రాసు తెలుగువారు చచ్చిన జంతువులను భద్రపరిచే మ్యూజియాన్ని 'చచ్చిన కాలేజీ' అనీ, జూను 'బతికిన కాలేజీ' అనీ పిలిచేవారు. రెండూ ఒక గూటివే కనుక పేర్లు చక్కగా కుదిరాయి. గిండీ పిల్లల పార్కే పాత జూ అని చాలామంది పొరబడతారు కానీ, అది వేరే పార్కు. పాత జూ ఉండేది సెంట్రల్ స్టేషను ప్రాంతమైన పార్క్‌టౌన్‌లో.