వేసవిలో అబ్బాయిని పనికి పంపడం గురించి

నమస్కారమండీ. పదో తరగతి పరీక్షలు రాసిన మీ 15 ఏళ్ల అబ్బాయి మేనమామ గారి పుస్తకాల దుకాణంలో రెండు నెలలు పని చేస్తానంటున్నాడనీ, పరువు తక్కువని ఇంట్లో పెద్దలు అడ్డుపడుతున్నారనీ రాశారు. నా అభిప్రాయంలో తప్పకుండా పంపండి.

ముందు చట్టం సంగతి. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక, 14 ఏళ్లు నిండి 18 నిండని పిల్లలను గనులు, పేలుడు పదార్థాల వంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు; పుస్తకాల దుకాణానికి ఆ నిషేధం వర్తించదు.

జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు నోటుపుస్తకాల కోసం వచ్చే రద్దీలో, విసుక్కునే కొనుగోలుదారుతో ఓపికగా మాట్లాడటం, సాయంత్రం గల్లాపెట్టె లెక్క సరిచూసి పది రూపాయలు తగ్గితే ఎక్కడ పొరపాటు జరిగిందో తానే వెతుక్కోవడం ఏ కోచింగ్‌లోనూ అబ్బని విద్యలు. జీతం ఎంత చిన్నదైనా మేనమామ గారు అబ్బాయి చేతికే ఇవ్వాలి, ఇది మాత్రం ముఖ్యం.

పెద్దలు అప్పటికీ ఒప్పుకోకపోతే, మీ ఊరి శాఖా గ్రంథాలయాధికారిని కలిసి, చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించే సేవకు అవకాశం ఉందేమో అడగండి.