కొండ ఎక్కే ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిగా రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. బీచ్ రోడ్డులో భీమిలి దాకా గంటకు 28 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా వెళ్లొస్తాను. ఈ మధ్య మొదటిసారి శృంగవరపుకోట నుంచి అనంతగిరి వైపు ఘాట్ రోడ్డు ఎక్కే పోటీలో పాల్గొన్నాను. ఎత్తు మొదలైన కాసేపటికే అందరూ నన్ను దాటి వెళ్లిపోయారు. మోకాలు నొప్పి పెడుతుందేమోనని బయలుదేరే ముందు ఒక డైక్లోఫెనాక్ మాత్ర, దారిలో ఇంకొకటి వేసుకున్నాను. సగం దూరంలో ఛాతీ పట్టేసినట్టయింది. గ్యాస్ అనుకుని పక్కన కూర్చుంటే తగ్గిపోయింది. మళ్లీ ఎక్కి పూర్తి చేశాను. మర్నాడు తొడలు కదపలేకపోయాను, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. నీళ్లు బాగా తాగితే రెండో రోజుకు మామూలైంది. మా నాన్నగారికి 52 ఏళ్లకే స్టెంట్ వేశారు. ఎత్తులు బాగా ఎక్కాలంటే ఏ ప్రొటీన్ పౌడర్ వాడాలి? గేర్లు మార్పించుకోవాలా?

– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు అడిగింది ప్రొటీన్ పౌడర్ గురించి. నా కళ్లు మాత్రం ఛాతీ దగ్గర, మూత్రం రంగు దగ్గర ఆగిపోయాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

శ్రమ చేస్తుంటే వచ్చి, కూర్చోగానే తగ్గిన ఛాతీ బిగుతును గ్యాస్ అని మీకు మీరే తేల్చుకోకూడదు. కండరం పట్టేసి ఉండొచ్చు, నిజంగానే ఎసిడిటీ కావచ్చు, నేను కాదనడం లేదు. కానీ 41 ఏళ్ల వయసు, తండ్రికి 55 ఏళ్లలోపే గుండె జబ్బు, పైగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు వచ్చిన బిగుతు. ఈ మూడూ కలిసినప్పుడు గుండెది కాదని తేలేదాకా గుండెదే అనుకుని నడవడం మా పద్ధతి. కార్డియాలజిస్టును కలవండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్ అని వస్తే అక్కడితో సరిపెట్టుకోవద్దు. శ్రమలో మాత్రమే బయటపడే ఇబ్బంది విశ్రాంతిలో తీసిన ఈసీజీలో కనిపించకపోవచ్చు. ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), సీటీ యాంజియో (గుండె రక్తనాళాల స్కాన్) వీటిలో ఏది అవసరమో మిమ్మల్ని చూసిన డాక్టరే నిర్ణయించాలి. టీఎంటీ చేయించుకుందామని మీ అంతట మీరు ల్యాబ్‌కు వెళ్లొద్దు.

అప్పటిదాకా ఘాట్ రోడ్డు వద్దు, సింహాచలం కొండా వద్దు. మళ్లీ బిగుతు వచ్చి పది నిమిషాలైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, దవడకో చేతికో నొప్పి పాకినా 108కి ఫోన్ చేయండి. సైకిల్ అక్కడే వదిలేయండి, ఎవరో ఒకరు తెచ్చిపెడతారు.

‘భీమిలి దాకా ఇబ్బంది లేకుండా వెళ్లొస్తాను కదా’ అని మీకు అనిపించవచ్చు. చదును రోడ్డు మీద కాళ్లు ఆపినా బండి సాగుతుంది, ముందువాళ్ల వెనక నక్కి గాలి తప్పించుకోవచ్చు, గుండెకు మధ్యమధ్యలో తీరిక దొరుకుతుంది. ఎత్తు మీద ఆ సౌకర్యాలేవీ ఉండవు. మీ బరువునీ సైకిల్ బరువునీ ప్రతి తొక్కుకీ పైకి ఎత్తుకోవాల్సిందే. పైగా వేగం ఎనిమిదికో పదికో పడిపోతుంది కాబట్టి ఒంటికి గాలి తగలదు. మన కోస్తా ఉక్కలో చెమట ఆరదు, కారిపోతుంది. ఒళ్లు వేడెక్కుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. అందుకే చదును రోడ్డు మీది వేగం చూసుకుని గుండెకు సర్టిఫికెట్ ఇచ్చుకోకండి.

ఇక మాత్ర సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. నొప్పి లేకుండానే, వస్తుందేమోనని డైక్లోఫెనాక్ వేసుకున్నారు! మారథాన్ పరిగెత్తేవాళ్లు, శబరిమల వెళ్లేవాళ్లు, తిరుమల మెట్లెక్కేవాళ్లు ఇలా ‘ముందు జాగ్రత్త’ మాత్రలు వేసుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నొప్పి తగ్గించేది వాటిని అడ్డుకునే. అంటే కిడ్నీకి ఆసరా ఎక్కువ కావాల్సిన గంటలోనే మీరు దాన్ని తీసేశారు. ‘గ్యాస్ మాత్ర కలిపి వేసుకున్నాను, ఏమీ కాదు’ అంటారు చాలామంది. పాంటాప్రజోల్ కాపాడేది కడుపుని, కిడ్నీని కాదు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ వాడకూడదన్నది కూడా మీ విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

పశువులకు వాడిన ఇదే మందు వాటి కళేబరాల ద్వారా రాబందుల్లోకి చేరి, కిడ్నీలు పాడై అవి కుప్పలుగా చచ్చిపోయాయి. 2006లో మన దేశంలో పశువులకు ఈ మందు వాడకాన్ని నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు మెడికల్ షాపులో అడగ్గానే చేతిలో పెడుతున్నారు కాబట్టి అదేదో మామూలు బిళ్ల అనుకుంటున్నాం.

మూత్రం డికాషన్ రంగులో రావడానికి ఒంట్లో నీరు తగ్గడం ఒక కారణం కావచ్చు. ఇంకోటి, అలవాటు లేని తీవ్ర శ్రమకు కండరాలు చితికి, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి దిగడం. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటాం. తొడలు కదపలేకపోయానన్నారు కాబట్టి నాకు దీని మీదే అనుమానం. ఆ రోజే ఆసుపత్రికి రావాల్సింది, ఇంట్లో నీళ్లు తాగుతూ కూర్చోవాల్సింది కాదు. కండరాలు చితికిన సంగతి చెప్పే సీపీకే అనే రక్త పరీక్షలో అంకె ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా పెరిగి కనిపిస్తుంది, తర్వాత క్రమంగా తగ్గిపోతుంది. ఈ జవాబు మీకు చేరేసరికి అది మామూలై ఉండొచ్చు. అయినా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష ఇప్పుడు చేయించండి. రంగు మామూలైనంత మాత్రాన కిడ్నీ బాగుందని కాదు. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి, అలాగని మీరే ఆపేయొద్దు. ఒక చిన్న సంగతి: బాగా శ్రమపడ్డాక లివర్ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ కూడా పెరుగుతుంది. పోటీలో పాల్గొన్నానని చెప్పకపోతే లేని లివర్ జబ్బుకు తిరగాల్సి వస్తుంది.

క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ప్రొటీన్ పౌడర్, కండబలం కోసం వాడే క్రియాటిన్ పొడి ఏదీ మొదలుపెట్టవద్దు. తర్వాత కూడా గుడ్లు, పప్పు, పెరుగు తింటున్నవాళ్లకు డబ్బా అవసరం చాలా తక్కువ. అలాగే భయపడి లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు తాగేయకండి, సోడియం పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగండి. ఓఆర్ఎస్ కలిపితే ప్యాకెట్ మీద రాసినట్టు లీటరుకే కలపండి, సైకిల్ బాటిల్ ముప్పావు లీటరుదని మర్చిపోతుంటారు. బీపీ, షుగర్ ఉంటే అది కూడా అడిగి వాడాలి.

గేర్లు మార్పించుకోండి, ఇది మాత్రం మంచి ఆలోచన. ముందు 34 పళ్లు, వెనక 32 లేదా 34 పళ్లు ఉంటే మొదటిసారి ఎక్కేవాళ్లకు నయం. పెద్ద గేరులో బలంగా, నెమ్మదిగా తొక్కితే భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. సీటు మరీ కిందికి ఉన్నా మోకాలి ముందు భాగమే నొప్పి పెడుతుంది, షాపులో ఒకసారి కొలిపించండి. గుండె డాక్టరు సరే అన్నాక చిన్న ఎత్తులతో మొదలుపెట్టి, కొన్ని వారాల మీద పెంచుకుంటూ వెళ్లండి. మిగతావాళ్లు దాటిపోతే పోనివ్వండి.

నేను మిమ్మల్ని చూడలేదు, రాసినదాన్ని బట్టే చెబుతున్నాను. ఈ పేజీ, రెండు మాత్రల ఖాళీ స్ట్రిప్, నాన్నగారి పాత రిపోర్టులు దొరికితే అవి, అన్నీ పట్టుకుని ఈ వారంలోనే దగ్గర్లోని ఫిజీషియన్‌ను, కార్డియాలజిస్టును కలవండి.